ఆకులోని అలుగు

గుప్పెడు పాలకూర రోట్లో నూరి, కాస్త స్పిరిట్ పోసి, పలచటి గుడ్డలో వడగడితే చిక్కటి ఆకుపచ్చ రసం దిగుతుంది. దాన్ని గాజు గ్లాసులో పోసి చీకటి గదిలో పెట్టి, పక్కనుంచి నీలం టార్చి వేసి చూడండి. రసం పచ్చగా కనబడదు, నెత్తురులా ఎర్రగా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. టార్చి ఆపి మళ్లీ వేశాను, గ్లాసు మార్చి చూశాను. ఎరుపే. అదే టార్చిని పక్కనున్న పచ్చి పాలకూర ఆకు మీద వేస్తే మాత్రం అలాంటి మెరుపేమీ లేదు. ఆకు ఆకులాగే ఉంది.

రెండింటిలోనూ ఉన్నది ఒకే పత్రహరితం, రెండింటి మీదా పడింది ఒకే వెలుగు. రసంలోని పత్రహరితం తాను పట్టిన వెలుగులో ఇంచుమించు పాతిక ముప్పై శాతాన్ని ఎర్రటి కాంతిగా తిరిగి విసిరేస్తోంది. ఆకులో ఉన్నప్పుడు అలా పోయేది ఒకటి రెండు శాతం మాత్రమే. మరి మిగతాదంతా ఏమవుతోంది? ఆహారం తయారవుతోందని బడిలో చదువుకున్నాం. మబ్బు పట్టిన ఉదయానికి ఆ జవాబు సరిపోతుంది గానీ మిట్టమధ్యాహ్నానికి సరిపోదు. నిండు ఎండలో నిలబడ్డ ఆకు తాను పట్టిన వెలుగులో సగానికి పైగా పనిగట్టుకుని వేడిగా మార్చి పారబోస్తుంది. వెలుగుని పట్టుకునే నేర్పు గురించి చాలామంది రాశారు. పారబోసే నేర్పు అంతకంటే గొప్పదని నాకనిపిస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో, చాలా మొక్కల్లో అర మిల్లీమీటరు మందం కూడా లేని ఆకు రోజంతా నిలబడుతుంది. నీడకు జరిగే వీలు దానికి లేదు. నిండు ఎండలో చదరపు సెంటీమీటరు మీద, అంటే గోరంత చోట, సెకనుకు వెయ్యి కోట్ల కోట్లకు పైగా ఫోటాన్లు పడతాయి. వరి లాంటి మొక్క ఆకు ఇందులో సగం దగ్గరికి వచ్చేసరికే దాదాపు నిండిపోతుంది. అడవి నేల మీద నీడలో పెరిగే మొక్కకైతే పదో వంతు చాలు. ఆలస్యం జరిగేది వెలుగు పట్టే చోట కాదు, వంటింట్లో. కార్బన్ డయాక్సైడును పట్టి చక్కెర దారిలో పెట్టే రుబిస్కో అనే ఎంజైము చాలా నెమ్మది. సెకనుకు రెండు మూడు అణువులకు మించి పని చేయలేదు. పైగా నీరు ఆవిరైపోకుండా మధ్యాహ్నం ఆకు తన రంధ్రాలను మూసుకుంటుంది, దాంతో లోపలికి వచ్చే కార్బన్ డయాక్సైడు కూడా తగ్గుతుంది. వెలుగు వరదలా వచ్చే వేళకే వంటింటి పొయ్యి సన్నగిల్లుతుందన్నమాట.

వాడుకోని వెలుగు ఊరికే పోతే బాధ లేదు. కానీ ఫోటాన్ తగిలి ఉద్రేకపడ్డ పత్రహరితం అణువు ఆ శక్తిని కొన్ని నానోసెకన్లలో ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. లేకపోతే అది ఇంకొక స్థితిలోకి జారుతుంది. ఆ స్థితి వేల రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆ వ్యవధిలో పక్కనున్న ఆక్సిజన్ అణువుకు శక్తిని అంటిస్తుంది. అలా అంటుకున్న ఆక్సిజన్ ఎదురైన కొవ్వునీ ప్రొటీనునీ కాల్చేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి ఆక్సిజన్‌ను దూరం పెట్టడం ఆకు వల్ల కాదు. నీటిని చీల్చి ఆక్సిజన్‌ను తయారు చేసేది ఆ పక్కనే ఉన్న అదే యంత్రం.

చెరువులు కట్టిన మన పూర్వులు ఇలాంటి చిక్కుని బాగా ఎరుగుదురు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అది ఏకరువు పెడుతుంది. ఆ దోషాల్లో ఒకటి నీరు ఎక్కువై, పారే నేల తక్కువ కావడం. మధ్యాహ్నపు ఆకుకు వచ్చిన కష్టం సరిగ్గా అదే. అందుకే ఏ చెరువుకైనా పొలానికి నీరిచ్చే తూముతోపాటు అలుగు ఉంటుంది. నెల్లూరు వైపు కలుజు అంటారు, తెలంగాణలో మత్తడి, సీమలో మరువ. అలుగు లేని చెరువుకు గండి పడక తప్పదు. ఆకులో తూముని కాంతి వ్యవస్థ అంటారు. దాని పక్కనే కట్టిన అలుగే ఈ వ్యాసానికి విషయం.

మన చెరువు అలుగుకీ ఆకు అలుగుకీ పెద్ద తేడా ఒకటుంది. రాతితో కట్టిన అలుగు ఎత్తు మారదు. ఆకులో అలుగు ఎత్తు క్షణక్షణానికీ మారుతుంది, దాన్ని దించేందుకు నీరటికాడు అక్కర్లేదు. పొంగే నీరే దాన్ని దించుతుంది. ఎలాగో చూద్దాం.

హరితరేణువు లోపల థైలకాయిడ్లనే చదును సంచులు దొంతరలుగా పేర్చి ఉంటాయి. సంచి గోడలోనే పత్రహరితం, కాంతి వ్యవస్థలు అమరి ఉంటాయి. వెలుగు పడ్డప్పుడు సంచి లోపలివైపు నీరు చీలి, ప్రోటాన్లు లోపలే మిగిలిపోతాయి. ఎలక్ట్రాన్లు గోడ వెంట ప్రయాణించే దారిలో మరికొన్ని ప్రోటాన్లు బయటనుంచి లోపలికి చేరతాయి. ఇవన్నీ బయటపడేందుకు ముఖ్యమైన దారి ఒక్కటే, తిరుగుడు చక్రంలాంటి ఒక ఎంజైము. ప్రోటాన్లు దాన్ని తిప్పుకుంటూ బయటికి వస్తాయి, ఆ తిప్పుడుకి ఏటీపీ తయారవుతుంది. ఆ ఏటీపీ చక్కెర వంటకు పోతుంది, ఖర్చయ్యాక ఖాళీ గిన్నెలా తిరిగొస్తుంది.

ఇప్పుడు వంట నెమ్మదించిందనుకుందాం. ఖాళీ గిన్నెలు తిరిగి రావు. చక్రం నెమ్మదిస్తుంది. వెలుగు మాత్రం ఆగదు కనుక ప్రోటాన్లు సంచిలో పోగవుతూనే ఉంటాయి. ప్రోటాన్లు పోగవడమంటే పులియడమే. తటస్థానికి దగ్గరగా ఉన్న సంచి లోపలి పీహెచ్ ఆరు కన్నా కిందికి దిగుతుంది. ఆ పులుపే సంకేతం. ఎంత వెలుగు వస్తోందో కొలిచే మీటరు ఆకులో వేరే లేదు, వంట ఎంత జరుగుతోందో చెప్పే మీటరూ లేదు. రాబడికీ ఖర్చుకీ మధ్య మిగిలిన తేడా ఒక్కటే పులుపుగా తెలుస్తుంది, పట్టించుకోవాల్సిందీ ఆ తేడానే. నాకు ఈ యంత్రం మీద గౌరవం పుట్టింది ఇక్కడే. మసక వెలుగు కూడా చలిగా ఉన్న రోజున, వంట ఆగిపోయినప్పుడు, ఎక్కువే అవుతుంది. మండుటెండ కూడా వంట జోరుగా సాగే మొక్కకు ఎక్కువ కాకపోవచ్చు. ఎంత ఎండ అన్నది కాదు, ఎంత మిగులు అన్నదే ఆకు చూస్తుంది.

పులుపు పుట్టగానే రెండు పనులు మొదలవుతాయి. మొదటిది వేగంగా, పది ఇరవై సెకన్లలోనే. సంచి గోడలో పీఎస్‌బీఎస్ అనే చిన్న ప్రొటీను ఉంది. సంచి లోపలివైపుకి చూస్తూ దానికి రెండు గ్లుటామేట్లున్నాయి. అవి ప్రోటాన్లను అందుకునే చేతుల్లాంటివి. పులుపు పెరిగితే ఆ చేతులు నిండుతాయి, ప్రొటీను ఆకారం మారుతుంది, చుట్టూ వెలుగు పట్టే ఆంటెన్నా ప్రొటీన్ల కూర్పు కూడా దాంతో మారిపోతుంది. అప్పటిదాకా శక్తిని తూము వైపు నడిపించిన ఆంటెన్నా ఇప్పుడు దాన్ని వేడిగా చెదరగొడుతుంది. విచిత్రమేమిటంటే పీఎస్‌బీఎస్ సొంతంగా ఏ వర్ణకాన్నీ పట్టుకుని ఉండదు. వెలుగుతో దానికి పని లేదు, పులుపు చవి చూసి చెప్పడమే దాని ఉద్యోగం. చెదరగొట్టడం ఆంటెన్నాలో సరిగ్గా ఏ అణువు దగ్గర జరుగుతుందన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది.

రెండో పని నిమిషాల మీద జరుగుతుంది. నాకు మరీ ఇష్టమైనది ఇదే. ఆకులో పచ్చదనం చాటున పసుపు వర్ణకాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి వయోలాజాంథిన్, వయోలా పువ్వు మీదుగా వచ్చిన పేరు. ఇంకొకటి జియాజాంథిన్, మొక్కజొన్న శాస్త్రనామం జియా మేస్ మీదుగా వచ్చింది. కంకిలో గింజల పసుపులో దానికీ పాలుంది. రెండూ నలభై కార్బన్ల పొడవైన అణువులే, రెండు చివర్లా ఒక్కో ఉంగరం. వయోలాజాంథిన్ ఉంగరాల మీద చెరొక ఆక్సిజన్ కొక్కెంలా తగులుకుని ఉంటుంది. ఆ రెండు కొక్కేలూ తీసేస్తే అది జియాజాంథిన్ అయిపోతుంది. తేడా అంతే. కానీ ఒక్కో కొక్కెం ఊడినప్పుడల్లా అణువు వెన్నెముకలో వరుసగా ఉండే జంట బంధాల గొలుసు ఒకటి పెరుగుతుంది. తొమ్మిది ఉన్నవి పది, పది నుంచి పదకొండు. ఆ పెరుగుదలతో పాటు దాని గుణమూ మారుతుంది. వయోలాజాంథిన్ వెలుగు పట్టే పనివాళ్లలో ఒకటి. జియాజాంథిన్ అదనపు శక్తిని వేడిగా దించే వైపు మొగ్గుతుంది, గోడలోని కొవ్వుని కాలకుండా కూడా కాపాడుతుంది.

ఆ కొక్కేలు తీసే ఎంజైము సంచి లోపల తేలుతూ ఉంటుంది. పులుపు లేనప్పుడు అది ఒంటరిగా, ఊరికే తిరుగుతుంది. పులుపు తగలగానే రెండేసి జతకట్టి గోడకు అతుక్కుని పని మొదలుపెడుతుంది. అలా జతకట్టిన రూపాన్ని 2009లో స్ఫటికాల సాయంతో చూశారు. జతలో ఒక పొడవాటి సొరంగం ఏర్పడుతుంది, పొడవైన ఈ పసుపు అణువుకి ఒదిగేటట్టు. కొక్కెం తీయడానికి దానికి విటమిన్ సి కావాలి. మనం ఉసిరికాయలో, జామపండులో వెతుక్కునే విటమిన్ సి ఆకులో రోజూ మధ్యాహ్నం ఇలా ఖర్చవుతుంది. కొక్కేలు తిరిగి తగిలించే ఎంజైము గోడకు బయటివైపున ఉంటుంది. అది పులుపు కోసం చూడదు, నెమ్మదిగా తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఒకే తలుపుకి లోపలో గడియ, బయటో గడియ. లోపలి చేయి చురుకు, బయటి చేయి నిదానం. మిగులు ఉన్నంతసేపూ లోపలి చేయిదే పైచేయి. సాయంత్రమై పులుపు తగ్గాక బయటి చేయి ఒక్కొక్క కొక్కేన్నీ తిరిగి తగిలిస్తుంది. అణువు ఎక్కడికీ పోదు, కొత్తది తయారవదు. ఉన్నదే రేపటికి మళ్లీ పనికొస్తుంది.

కొక్కేలు ఊడి మళ్లీ తగిలే ఈ చక్రాన్ని సోవియట్ శాస్త్రవేత్త సపోజ్నికోవ్ 1957లో గమనించాడు. వెలుగులో ఆకుల్లోని వయోలాజాంథిన్ తగ్గుతోందని చూశాడు. 1962లో హ్యారీ యమామోటో, ఆయన సహచరులు దాని దారిని గీశారు. ఎందుకు జరుగుతోందో చెప్పడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1987లో బార్బరా డెమిగ్ ఆడమ్స్, ఆమె సహచరులు ఆకులో జియాజాంథిన్ పెరిగేదీ, ఆకు వేడిగా శక్తి పారబోసేదీ జతగా నడుస్తున్నాయని చూపించారు. పీఎస్‌బీఎస్ సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో కృష్ణ నియోగి బృందం అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కని వేల సంఖ్యలో పెంచి, జన్యువులు చెడగొట్టి, గట్టి వెలుగు కింద పెట్టి వీడియో కెమెరాతో చూసింది. వెతికింది దేనికోసమనుకున్నారు? మామూలు కన్నా ఎక్కువగా ఎర్రగా మెరిసే మొక్క కోసం. అలుగు చెడితే పారబోయాల్సిన శక్తి కొంత ఎర్రటి వెలుగుగా బయటపడుతుంది, నా గ్లాసులో రసంలాగే. అలా దొరికిన మొక్కలో చెడింది పీఎస్‌బీఎస్ అని 2000లో తేల్చారు.

ఆ మొక్క మీద తర్వాత జరిగిన ఒక ప్రయోగం నా ఆలోచనని మార్చింది. పీఎస్‌బీఎస్ లేని అరబిడాప్సిస్ ప్రయోగశాలలో నిలకడైన వెలుగు కింద మామూలు మొక్కలాగే పెరిగింది. స్వీడన్‌లోని ఉమియోలో కుల్‌హైమ్, ఆగ్రెన్, యాన్సన్ దాన్ని ఆరుబయట నాటారు. అక్కడ అది తక్కువ విత్తనాలు పెట్టింది. ప్రయోగశాలలోనే వెలుగుని హెచ్చుతగ్గులు చేసి చూసినా అదే ఫలితం. 2002లో ఈ సంగతి ప్రచురించారు. అంటే ఈ అలుగు మండుటెండకి కవచం మాత్రమే కాదు, అది మారే వెలుగు కోసం కట్టింది. మబ్బు తొలగిన క్షణం, గాలికి పై కొమ్మ పక్కకి ఊగిన క్షణం, నీడలో ఉన్న ఆకు మీద ఒక్కసారిగా వెలుగు మచ్చ పడుతుంది. ఒక చెట్టు కింద నిలబడి ఓ పది నిమిషాలు నేలని చూడండి. ఎండ మచ్చలు ఎన్నిసార్లు కదులుతాయో చూస్తే, నిలకడైన వెలుగు అనేది మనిషి గదిలో తప్ప ఎక్కడా లేదని తెలుస్తుంది.

అలుగు ఎంత బాగా పనిచేసినా అంతా ఆపలేదు. వ్యవస్థ గుండె దగ్గర ఒక చిన్న ఓటమిని ఆకు ముందే ఒప్పుకుంది, ఆ ఒప్పుకోవడంలోనూ పనితనం ఉంది. నీటిని చీల్చే చర్యాకేంద్రం ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నప్పుడు ఎంత ఆకలిగా ఉంటుందంటే, జీవులన్నిటిలో అంతకన్నా బలంగా ఎలక్ట్రాన్లు లాక్కునేది తెలియదు. అలా లేకపోతే నీటి నుంచి లాక్కోలేదు. మామూలుగా పత్రహరితాన్ని కాపాడే కెరోటిన్ అణువుని దానికి ఆనించి పెడదామంటే, కెరోటిన్‌నే అది కాల్చేస్తుంది. అందుకే కెరోటిన్ కాస్త దూరంగా ఉంటుంది. గుండె మాత్రం కాపు లేకుండా మిగిలింది. దాన్ని పట్టి ఉంచిన డి1 అనే ప్రొటీను దెబ్బతింటూనే ఉంటుంది, ఇంచుమించు పది లక్షల నుంచి కోటి ఫోటాన్లకు ఒకసారి. తీవ్రమైన వెలుగులో ఒక డి1 ఆయుష్షు గంట దాటడం కష్టం.

నీటిని చీల్చే ఈ యంత్రాన్ని కాంతి వ్యవస్థ రెండు అంటారు, అందులో ఇరవైకి పైగా ప్రొటీన్లున్నాయి. దెబ్బతిన్నప్పుడు మొత్తం పారేయడం లేదు. దెబ్బతిన్న యంత్రం కిక్కిరిసిన దొంతరల నుంచి బయటి అంచుకి జరుగుతుంది, బండి బజారు నుంచి మెకానిక్ షెడ్డుకి వెళ్లినట్టు. అక్కడ సగం విప్పి, పాత డి1ని కొరికి తీసేసి, కొత్తదాన్ని అక్కడికక్కడే అల్లుతూ గోడలోకి దింపుతారు. డి1 జన్యువు కణం కేంద్రకంలో లేదు, హరితరేణువు సొంత డీఎన్‌ఏలోనే ఉంది. నా ఊహకి ఇంత తరచుగా మార్చాల్సిన సరుకుకి నమూనా దగ్గర్లోనే పెట్టుకోవడం సబబుగా తోస్తుంది. నీటిని చీల్చే మాంగనీసు ముడిని వెలుగు సాయంతో మళ్లీ కడతారు, యంత్రం దొంతరలోకి తిరిగి పోతుంది. నష్టం ఎంత జరుగుతోందన్నది కాదు, మరమ్మతు దానికి సరితూగుతోందా లేదా అన్నదే లెక్క. మనం ఎండకి ఆకు మాడిందంటామే, అది మరమ్మతు వెనకబడ్డ రోజున.

అలుగు, మరమ్మతు కాక, వెలుగుని ముందే తప్పించుకునే దారులూ ఉన్నాయి. కణంలోని హరితరేణువులు తక్కువ వెలుగులో పైగోడకి పరుచుకుని నిలబడి, ఎక్కువ వెలుగులో పక్కగోడలకు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. నీలం వెలుగుని చూసే ఫోటోట్రోపిన్ అనే ప్రొటీను నడిపిస్తుంది ఈ నాటకాన్ని. ఆకు మీద నల్ల అట్ట కప్పి, మధ్యలో సన్నని గీత తెరిచి గట్టి వెలుగు పెడితే, గంట తర్వాత ఆ గీత మిగతా ఆకు కన్నా లేత రంగులో తేలుతుంది. రేణువులు పక్కలకి జరిగిపోయాయి కనుక. ఇది చేయలేని అరబిడాప్సిస్ గట్టి వెలుగులో త్వరగా దెబ్బతింటుందని జపాన్‌లో మసమిత్సు వాడా బృందం 2002లో చూపింది. వేరుశనగ, చిక్కుడు జాతి మొక్కల్లో కొన్ని ఆకులనే మధ్యాహ్నం నిలువుగా తిప్పేసుకుంటాయి. ఉగాదికి కనబడే లేత మావిచిగురు ఎరుపూ ఈ కోవలోదేనని కొందరంటారు, పురుగుని దూరం పెట్టేందుకని ఇంకొందరంటారు. ఇంకా పత్రహరితం కుదురుకోని చిగురుకి ఆ ఎరుపు గొడుగు పడుతోందన్న వాదనే నాకు ఎక్కువ నచ్చుతుంది.

నీళ్లలోకి వెళ్తే ఇదే కష్టానికి వేరే పనివాళ్ల వేరే జవాబులు కనబడతాయి. క్లామిడోమొనాస్ అనే ఒంటికణపు ఆకుపచ్చ శైవలంలో పులుపు చవి చూసేది, శక్తిని వేడిగా దించేది రెండూ ఒకే ప్రొటీను. దాన్ని ఎల్‌హెచ్‌సీఎస్‌ఆర్ అంటారు, 2009లో దాని పాత్ర తేలింది. ఇది వర్ణకాలను తనతోనే పట్టుకుని ఉంటుంది. పైగా తక్కువ వెలుగులో పెరిగిన కణంలో అది దాదాపు కనబడదు, గట్టి వెలుగు తగిలాక గంటల్లో తయారు చేసుకుంటుంది. పూల మొక్కలు ఎల్‌హెచ్‌సీఎస్‌ఆర్‌ను పోగొట్టుకుని పీఎస్‌బీఎస్ మీద ఆధారపడ్డాయి, పీఎస్‌బీఎస్‌ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాయి. మధ్యలో నిలబడ్డ నాచు మొక్క ఫిస్కోమిట్రెల్లాలో మాత్రం రెండూ ఉన్నాయి. నీటిని వదిలి గట్టెక్కిన జీవి పాత పనిముట్టుతోపాటు కొత్తదాన్నీ వెంట తెచ్చుకున్నట్టుంది. నేల మీద వెలుగు నీటిలో కన్నా వేగంగా మారుతుంది, తయారు చేసుకునే వ్యవధి ఉండదు. పీఎస్‌బీఎస్ గెలవడానికి అదే కారణమని నా నమ్మకం.

సముద్రంలో కెరటాల కలుపుడికి పైకీ కిందికీ తిరిగే డయాటమ్‌లు రెండు కొక్కేల బదులు ఒక్కదానితోనే సరిపెట్టుకుంటాయి. వాటి పసుపు వర్ణకం ఒకే అంచెలో మారిపోతుంది. ఉప్పు మడుల్లో పెరిగే డునలియెల్లా బీటా కెరోటిన్‌ని ఎండు బరువులో పదో వంతు దాకా పోగుచేసుకుని ఎర్రబారుతుంది.

సైనోబ్యాక్టీరియా దారి ఇంకా వేరు. హరితరేణువుకి పూర్వీకులు వాటిలాంటివే, కానీ పులుపు కోసం అవి చూడవు. వాటిలో నారింజ రంగు ప్రొటీను ఒకటి తిరుగుతూ ఉంటుంది. నీలం ఆకుపచ్చ వెలుగు గట్టిగా తగిలితే అదే ఎర్రగా మారుతుంది. దాని రెండు ముక్కల మధ్య ఇరుక్కున్న కెరోటినాయిడ్ ఒక ముక్కలోకి జారుకుంటుంది, ముక్కలు విడిపోతాయి, ఎర్రబడ్డ ప్రొటీను వెళ్లి వెలుగు పట్టే ఆంటెన్నాకి అతుక్కుని శక్తిని వేడిగా దించేస్తుంది. 1981లో ఈ నారింజ ప్రొటీను దొరికింది. అది ఏం చేస్తుందో ఫ్రాన్స్‌లో డయానా కిరిలోవ్‌స్కీ బృందం 2006లో చెప్పింది. దాని రూపాన్ని మొదట స్ఫటికంలో చూసింది స్పైరులినా జాతి నుంచి తీసి. మందుల దుకాణంలో ఆకుపచ్చ మాత్రలుగా అమ్మేది ఆ జాతినే.

ఇంత నేర్పున్న అలుగుకీ ఒక లోపముంది. తెరుచుకున్నంత వేగంగా మూసుకోదు. బయటి గడియ నిదానమని చెప్పాను కదా. మబ్బు అడ్డొచ్చి వెలుగు తగ్గినప్పుడు ఇక పారబోయాల్సింది ఏమీ లేదు, ప్రతి ఫోటానూ వంటకి కావాలి. అయినా జియాజాంథిన్ ఇంకా మిగిలి ఉండడం వల్ల నిమిషాల పాటు శక్తి వేడిగా పోతూనే ఉంటుంది. ఆకు భద్రత వైపు తూకం వేసి కట్టింది. విత్తనం దాకా బతకాలనుకునే అడవి మొక్కకి అది న్యాయమే. నీరు, ఎరువు, కాపలా అన్నీ పెట్టి పెంచే పైరుకి అంత జాగ్రత్త అక్కర్లేకపోవచ్చు.

అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాంగ్, బర్కిలీలో కృష్ణ నియోగి కలిసి సరిగ్గా ఈ ఆలోచనతో పొగాకు మొక్కలో మూడు జన్యువులను పెంచారు. లోపలి గడియ ఎంజైము, బయటి గడియ ఎంజైము, పీఎస్‌బీఎస్. కొత్త యంత్రమేదీ పెట్టలేదు, ఉన్న మూడు కీళ్లకు నూనె రాశారంతే. అలుగు త్వరగా తెరుచుకుంది, త్వరగా మూసుకుంది. పొలంలో పొగాకు మొక్కల ఎండు బరువు 14 నుంచి 20 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు. 2022లో సోయాబీన్‌లో అదే చేస్తే ఒక సాగు కాలంలో గింజ దిగుబడి 33 శాతం దాకా పెరిగిన మొక్కలు దొరికాయి. మరుసటి ఏడు పైరు ముందే ఒరిగిపోయి తేడా తేలలేదు. అరబిడాప్సిస్‌లో అవే మూడు జన్యువులు పెంచిన మరో బృందానికి మొక్క పెరుగుదల మెరుగుపడలేదు. ఏ మొక్క ఎంత జాగ్రత్తని వదులుకోగలదో మొక్కకో లెక్క ఉందన్నమాట.

వరిలోనూ ఆ తేడా ఉంది. జపాన్‌లో పండే జపానికా రకాల్లో ఈ పారబోత బలంగా, మన ఇండికా రకాల్లో అంతకన్నా తక్కువగా ఉంటుందని, ఆ తేడాకి మూలం పీఎస్‌బీఎస్ జన్యువు దగ్గరే ఉందని 2011లో జపాన్ పరిశోధకులు చూపించారు. మన మడుల్లో నిలబడింది చాలావరకు ఇండికాయే. ఆగస్టులో మబ్బులు పరుగెత్తే మధ్యాహ్నం వరి గట్టు మీద నిలబడితే, నీడ ఒక మడి నుంచి ఇంకో మడిలోకి పాకడం కనబడుతుంది. నీడ తగిలిన ప్రతి ఆకులోనూ లెక్కలేనన్ని అలుగులు మూసుకోవడం మొదలుపెడతాయి. అవి సగం మూతపడేలోపే నీడ గట్టు దాటిపోతుంది, ఎండ మళ్లీ పడుతుంది, సంచులు మళ్లీ పులియడం మొదలవుతుంది.